అప్‌డేట్: ట్రాన్స్‌మిట్ నొక్కగానే వోల్టేజి పడిపోయే పవర్ సప్లైలో దోషం దొరికింది

నా హామ్ రేడియోకు (ఔత్సాహికులు పరస్పరం మాట్లాడుకునే రేడియో) కరెంటు ఇచ్చే పాత లీనియర్ పవర్ సప్లై, రిసీవ్‌లో (వినేటప్పుడు) సక్రమంగా 13.8 వోల్టులు ఇస్తూ, మాట్లాడడానికి ట్రాన్స్‌మిట్ నొక్కగానే 11కు పడిపోయి ఆడియోలో హమ్ (గుయ్‌మనే మోత) తెస్తోందని ఇంతకుముందు అడిగినప్పుడు, ఎక్కువమంది ఫిల్టర్ కెపాసిటర్లను (డీసీలోని హెచ్చుతగ్గులను సర్దేవి) అనుమానించారు. నేనూ అదే నమ్మి కొత్తవి కొనబోయాను, కొనకపోవడమే మంచిదైంది.

లోడ్ (కరెంటు లాగే పరికరం) పెట్టి ఆ కెపాసిటర్ల మీద ఆసిలోస్కోప్‌తో (వోల్టేజి తరంగాన్ని తెరపై చూపే పరికరం) చూస్తే, ఫుల్‌వేవ్ బ్రిడ్జి (50 హెర్ట్జ్ ఏసీ తరంగంలోని రెండు సగాలనూ డీసీగా మార్చే నాలుగు డయోడ్ల అమరిక) తర్వాత 100 హెర్ట్జ్‌లో ఉండవలసిన రిపుల్ (డీసీలో మిగిలే హెచ్చుతగ్గులు) 50 హెర్ట్జ్‌లో కనిపించింది; అంటే బ్రిడ్జి సగమే పనిచేస్తోందన్నమాట. ప్లగ్ తీసి, కెపాసిటర్లను రెసిస్టర్ ద్వారా డిస్చార్జ్ చేసి, వైర్లు విప్పి డయోడ్లను పరీక్షించగా నాలుగింటిలో ఒకటి రెండు వైపులా ఓపెన్ (కరెంటును అసలు పోనివ్వని స్థితి) చూపింది. బ్రిడ్జిని ఛాసిస్ నుంచి ఊడదీస్తే, అడుగున ఉన్న హీట్‌సింక్ పేస్టు ఎండిపోయి సుద్దపొడిలా రాలింది. వేడి పోయే దారి లేకనే డయోడ్ పోయి ఉంటుందని నా అభిప్రాయం.

35 ఆంపియర్ల కొత్త బ్రిడ్జిని తాజా పేస్టుతో బిగించాను. రేడియోను వెంటనే కలిపే ధైర్యం చాలక, ముందు 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బులు నాలుగింటిని లోడ్‌గా సమాంతరంగా కలిపి పావుగంట వెలిగించాను, వోల్టేజి 13.7 దగ్గర నిలిచింది. నిన్న రాత్రి 40 మీటర్ల బ్యాండులో (హామ్ రేడియోలో వాడే ఒక తరంగ శ్రేణి) మాట్లాడినప్పుడు, అవతలివారికి హమ్ వినపడలేదు.