ఎండుమిర్చి ఏ నేలలో పండిందో ప్రయోగశాల చెప్పగలదా?

ప్రశ్న:
మా రైతు ఉత్పత్తిదారుల సంఘం గుంటూరు సన్నం ఎండుమిర్చిని భౌగోళిక సూచిక గుర్తింపుతో విదేశాలకు పంపాలనుకుంటోంది. సరుకు ఈ ప్రాంతంలోనే పండిందని రసాయన పరీక్షతో చూపమని కొనుగోలుదారు అడుగుతున్నారు. ఘాటు, రంగు విలువల నివేదిక, యార్డు రసీదులు మా దగ్గర ఉన్నాయి. అవి చాలవా?

జవాబు 1:
చాలవండి. ఘాటు, రంగు ప్రధానంగా విత్తన రకాన్ని, కోసిన, ఆరబెట్టిన తీరును బట్టి వస్తాయి. అదే విత్తనం ఖమ్మంలో వేసినా దాదాపు అవే అంకెలు రావచ్చు. గుంటూరు యార్డుకు ఇతర జిల్లాల సరుకూ వస్తుంది కనుక రసీదు కొన్న చోటునే చెబుతుంది. నేల జాడ తెలియాలంటే మట్టిలో ఉండే స్ట్రాన్షియం అనే లోహపు 87, 86 ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా గల పరమాణువుల) నిష్పత్తి చూడాలి. దాదాపు 5,000 కోట్ల ఏళ్ల అర్ధాయువు (సగం క్షీణించడానికి పట్టే కాలం) గల రుబీడియం 87 క్షీణించి స్ట్రాన్షియం 87గా మారుతుంది. అందువల్ల రుబీడియం ఎక్కువగా ఉన్న పురాతన గ్రానైటు నేలల్లో ఆ నిష్పత్తి ఎక్కువగానూ, దక్కన్ బసాల్టు నుంచి ఏర్పడిన నల్లరేగడిలో తక్కువగానూ ఉంటుంది. వేరు పీల్చుకున్న నిష్పత్తి దాదాపు మారకుండా కాయకు చేరుతుంది.

జవాబు 2:
నీటి జాడ చెప్పే ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపుల మీద ఇక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. సాగర్ కుడి కాలువ గుంటూరు వైపు, ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం వైపు పారుతున్నా, రెండింటిలోనూ ఉన్నది ఒకే జలాశయపు నీరు. నైట్రోజన్ ఐసోటోపులు వేసిన ఎరువును బట్టి మారతాయి. జిప్సం, సూపర్ ఫాస్ఫేటుతో స్ట్రాన్షియం కూడా చేలోకి వస్తుంది కాబట్టి ఏ చేనుకు ఏం వేశారో రాసి ఉంచాలి. మరీ ముఖ్యంగా, మన కాయలు కల్లంలో ఆరతాయి. అంటిన దుమ్మును శుభ్రంగా కడగకపోతే కాయకు బదులు కల్లం మట్టినే పరీక్షించినట్టవుతుంది.

జవాబు 1:
నిజం. అయితే అసలు కష్టం సరిపోల్చే నమూనాల దగ్గరే ఉంది. ఐరోపా సమాఖ్య 1990ల నుంచి ఏటా తోటల్లో సేకరించిన ద్రాక్షతో వైను చేయించి, దాని ఐసోటోపు విలువలను భద్రపరుస్తోంది. మిర్చికీ కొన్ని పంటకాలాల నమ్మకమైన నమూనాలు లేనిదే, ఎంత మంచి యంత్రం ఇచ్చిన అంకె అయినా దేనితోనూ పోల్చలేని అంకెగానే మిగులుతుంది. అవి ఉన్నప్పుడు కూడా నివేదిక "చెప్పిన ప్రాంతానికి సరిపోతోంది" లేదా "సరిపోవడం లేదు" అనే చెబుతుంది. ఫలానా ఊరిదని చెప్పదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదటి కోత నుంచే ప్రతి సభ్యుని చేలోనూ చెట్టు మీది కాయలు ఒక కిలో కోసి, నేలకు తగలకుండా ఆరబెట్టి, చేను మట్టితో పాటు సర్వే నంబరు, వేసిన ఎరువుల వివరాలు జతచేసి భద్రపరచాలని సంఘం సమావేశంలో ప్రతిపాదిస్తాను. తొడిమ, గింజ తీసేసి పంపాలా, కాయను కాయగానే పంపాలా అన్నది కూడా దయచేసి తెలపండి.

జవాబు 2:
కాయగానే ఉంచండి. ప్రయోగశాల ఏ భాగం అడిగితే ఆ భాగాన్ని, అన్ని నమూనాలకూ ఒకే విధంగా అక్కడే వేరు చేయించండి.