'ఇమాక్యులేట్ కండిషన్' అంటే అసలు ఏంది?

హన్మకొండ పోరడు:
అన్నలూ ఒక డౌట్. సెకండ్ హ్యాండ్ బండి కోసం ఆన్‌లైన్ల చూస్తుంటే ఒకాయన 'ఇమాక్యులేట్ కండిషన్, సింగిల్ ఓనర్' అని పెట్టిండు, ఇంజన్ మంచిగున్నదేమో అనుకొని సుబేదారి నుంచి హంటర్ రోడ్డు దాకా ఎండల పడి పోయిన, చూస్తే ట్యాంకు మీద సొట్ట, అది కనబడకుండ పులి స్టిక్కర్, సైలెన్సర్ కింద తుప్పు. అడిగితే ఇంజన్ సూపరే కదా తమ్మీ అంటడు. ఆ ముక్కకు అసలు అర్థం ఏంది? ఇంటర్వ్యూల నా ఇంగ్లిష్ ఇమాక్యులేట్ అనొచ్చా?

చాక్‌పీస్ అక్క:
మోసపోయినవ్ తమ్మీ. మాక్యులా అంటే లాటిన్‌ల మచ్చ, ముందు ఉన్న 'ఇమ్' అంటే 'కాదు, లేదు' అనే ముక్క, అంటే మచ్చలేనిది. మా అమ్మకు షుగర్, కన్ను చెకప్ చేస్తే రిపోర్టుల గదే మాక్యులా ఉండె, రెటీనా నడుమ పచ్చ మచ్చకు డాక్టర్లు పెట్టిన పేరట. గందుకే ఈ మాట ముందుగాల కంటికి కనబడేదానికి: గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, అద్దం లెక్క తుడిచిన ఇల్లు. మనోళ్లు కడిగిన ముత్యం లెక్క ఉన్నది అంటరు సూడు, గదే. ఇంగ్లిష్‌కు, మర్యాదకు అయితే ఇంపెక్కబుల్ బాగుంటది, అది వంక పెట్టరానిది. అట్లని గీత గీసినట్టు ఏం లేదు, టైమింగ్‌కు ఇమాక్యులేటే అంటరు. 'వెరీ' మాత్రం తగిలియ్యకు, మచ్చలేనిదాంట్ల చానా మచ్చలేనిది ఏముంటది, 'ఆబ్సల్యూట్లీ' అంటే నడుస్తది.

ఫాతిమానగర్ బాబాయ్:
లేట్ అని సాగదీయకుర్రి, చివర 'లట్' లెక్క పలుకుతది, బరువు 'మా' మీద. మా చర్చిల డిసెంబర్ 8న ఇమాక్యులేట్ కన్సెప్షన్ పండుగ, అమలోద్భవి మాత అంటం, మలం లేకుండ పుట్టిన తల్లి అని, అక్కడ మలం అంటే పాపపు మరక. చానామంది ఏసు పుట్టుక గురించి అనుకుంటరు, కాదు, మరియమ్మ తన తల్లి కడుపుల పడ్డప్పుడే జన్మపాపం అంటుకోలేదు అనే నమ్మకం. 1854ల పోపు తొమ్మిదో పయస్ దాన్ని అధికారికంగ ప్రకటించిండు.

హన్మకొండ పోరడు:
థాంక్స్ అక్కా, బాబాయ్. రేపు ఇంకోటి చూడవోతున్న, దానికి 'మింట్ కండిషన్', అంటే కొత్తదాని లెక్క ఉన్నదని రాసిండు 😅

చాక్‌పీస్ అక్క:
స్టిక్కర్ ఉంటే ముందు గోరుతోని గీకి చూడు.