రన్‌కి అడ్వెర్బ్ ఏంది?

జిరాక్స్ షాపు, కావలి:
మావాడు ఎనిమిదో తరగతి. ట్యూషన్లో ఇరవై వెర్బులిచ్చి నౌన్, అడ్జెక్టివ్, అడ్వెర్బ్ గళ్ళు నింపుకు రమ్మన్నారంట. వీడు అడ్వెర్బ్ గడిలో అన్నింటికీ 'లీ' తగిలించేశాడు. రన్‌లీ, ఈట్‌లీ, స్లీప్‌లీ! తప్పురా అన్నాను గానీ, ఒప్పేదో నాకూ తెలియదు. దీనికి రూలేమైనా ఉందా?

రిటైర్డ్ టీచర్, ఒంగోలు:
మీవాడు మధ్యలో మెట్టు ఎగరేశాడు. 'లీ' నేరుగా వెర్బుకి అతకదు, అడ్జెక్టివ్‌కి అతుకుతుంది. సక్సీడ్ నుంచి సక్సెస్, దాన్నుంచి సక్సెస్‌ఫుల్, ఆ తర్వాతే సక్సెస్‌ఫుల్లీ. డిసైడ్ అయితే డెసిషన్, డిసైసివ్, డిసైసివ్‌లీ. స్లీప్‌కి స్లీపీ, స్లీపిలీ. కొన్నింటికి ఇంగ్, ఈడీ రూపాలే అడ్జెక్టివ్‌లు: సర్‌ప్రైజింగ్‌లీ, హర్రీడ్‌లీ.

ఒకే వెర్బుకి రెండు దారులుంటేనే చిక్కు. లాఫింగ్‌లీ అంటే నవ్వుతూ, లాఫబ్లీ అంటే నలుగురూ నవ్విపోయేట్టు. ఒకసారి యానివర్సరీకి మా పిల్లవాడొకడు 'హెడ్మాస్టరుగారు లాఫబ్లీ మాట్లాడారు' అని రాసుకొచ్చాడు. నేను దిద్దకపోతే స్టేజీ మీద చదివేసేవాడే.

జిరాక్స్ షాపు, కావలి:
మరి రన్‌కి మాస్టారూ? షాపుకొచ్చిన డిగ్రీ కుర్రాడు 'ఫాస్ట్‌లీ' రాయమన్నాడు.

రిటైర్డ్ టీచర్, ఒంగోలు:
వాడినీ ట్యూషన్లో చేర్చండి. ఫాస్ట్ అన్నదే అడ్వెర్బ్‌గా కూడా నడుస్తుంది, దానికి లీ వద్దు. పైగా అది రన్‌లోంచి పుట్టిన మాటే కాదు. రన్, ఈట్ గళ్ళలో గీత కొట్టించండి. స్విమ్‌కి మాత్రం స్విమ్మింగ్‌లీ ఉంది, పుట్టింది స్విమ్‌లోంచే అయినా ఇప్పుడు దాని అర్థం ఈత కాదు: పని సాఫీగా సాగిపోయిందని అర్థం.

ఆఫీసు ఉద్యోగిని, పొదలకూరు:
హార్డ్‌లీతో కూడా జాగ్రత్తండీ. ప్రమోషన్ కోసం పెట్టిన కాగితంలో 'ఐ హార్డ్‌లీ వర్క్డ్' అని రాశాను, తెగ కష్టపడ్డాననుకుని. దాదాపు పనే చేయలేదని నేనే ఒప్పుకున్నట్టయింది. మా సారు దాని కింద ఎర్ర ఇంకుతో గీత గీసి వెనక్కి పంపారు.

జిరాక్స్ షాపు, కావలి:
గీతలు కొట్టించి పంపాను మాస్టారూ. ఖాళీ వదలకూడదని ట్యూషన్ సారే రన్ పక్కన 'క్విక్లీ' రాసిచ్చారు. అది వేరే మాట గదా అంటున్నాడు మావాడు. రేపు సార్ని అడుగుతాడంట. నాకేమో టెన్షన్‌గా ఉంది.