కాలేయమే లేని దోమలో మలేరియా ప్రోటీన్ సీఎస్పీకి ఏం పని?

నమస్తే అండి. ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. సోమవారం మలేరియా పరాన్నజీవి పైపొర ప్రోటీన్ల మీద నా సెమినార్ ఉంది. ఒక్కచోట గట్టిగా ఇరుక్కుపోయాను.

దోమ కాటుతో మన ఒంట్లోకి వచ్చే పరాన్నజీవి రూపమే స్పోరోజోయిట్. దాని ఒంటినిండా సీఎస్పీ (సర్కమ్‌స్పోరోజోయిట్ ప్రోటీన్) అనే ప్రోటీన్ ఉంటుంది. దోమ కుట్టాక కాలేయ కణాల మీది హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులను పట్టుకోవడానికి అది పనికొస్తుంది. 2021లో డబ్ల్యూహెచ్‌ఓ పిల్లలకు సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ టీకా గురి కూడా దాని మీదే. ఇంతవరకు టెన్షన్ లేదు.

తిరకాసంతా దోమలో. ఎలుకలకు వచ్చే ప్లాస్మోడియం బెర్గీలో ఈ జన్యువు తీసేస్తే దోమ పొట్ట గోడ మీద ఊసిస్టులు అనే పరాన్నజీవి తిత్తులు వస్తాయి (1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ చూసిన గుండ్రటి కణాలు ఇవే), కానీ వాటి లోపల స్పోరోజోయిట్లు ఏర్పడవు. సీఎస్పీ తక్కువగా తయారైనా మొగ్గలు (ఊసిస్టులో మొలకెత్తే కొత్త స్పోరోజోయిట్లు) అడ్డదిడ్డంగా వస్తాయి. కాలేయాన్ని పట్టుకునే ప్రోటీన్‌కి అక్కడేం పని?

సీఎస్పీ జీపీఐ యాంకర్‌తో (ప్రోటీన్‌ను పొరకు కట్టే కొవ్వు కొక్కెం) పొరకు అతుక్కుంటుంది కాబట్టి, ఊసిస్టు లోపలి పొర ముడతలు పడి మొగ్గ తొడగడానికి అదే ఊతం అనుకుంటున్నాను. నా ఊహ సరైనదేనా? పొర కింద మైక్రోట్యూబుల్స్ (కణానికి ఆకారమిచ్చే సన్నని గొట్టాలు) అమరికకూ దీనికీ సంబంధం ఉందా? మా మేడమ్ కచ్చితంగా ఇదే అడుగుతారు. పారాసైటాలజీ ల్యాబ్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పుకునేలా వివరిస్తారా?