చలికాలంలో కయోటీల రాకపోకలు: ట్రాప్ ఎక్కడ పెట్టాలో ఎలా తెలుసుకోవాలి?

పొలంగట్టు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మేము అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం తూర్పు ప్రాంతంలో పన్నెండు ఎకరాల్లో నలభై బోయర్ జాతి (మాంసపు రకం) మేకలను పెంచుతున్నాము. డిసెంబరు చివరి నుంచి ఇప్పటివరకు మూడు మేకపిల్లలు కనిపించకుండా పోయాయి, నాలుగోది కంచె పక్కన చచ్చిపడి ఉంది. దాని గొంతు మీద, దవడకు కాస్త వెనుకగా, రెండు పక్కలా కోరల గాట్లు ఉన్నాయి. తోలు ఒలిచి చూస్తే అక్కడే నెత్తురు గడ్డకట్టి ఉంది. కుక్క అయితే కాళ్లను, తొడలను ఎక్కడపడితే అక్కడ చీల్చేది కాబట్టి ఇది కయోటీ (ఇక్కడ తిరిగే, తోడేలును పోలిన చిన్న అడవి జంతువు) పనేనని నిర్ణయానికి వచ్చాను. పొరుగు రైతు ఇచ్చిన రెండు ఫుట్‌హోల్డ్ ట్రాప్‌లను (అడుగు పడగానే మూసుకుని కాలిని పట్టేసే ఇనుప బోనులను) కొట్టం దగ్గరే పాతిపెట్టాను. ఎనిమిది రాత్రులు గడిచినా ఏమీ పడలేదు. తవ్వి చూస్తే పైమట్టి రాయిలా బిగుసుకుపోయి, ట్రాప్ మీద నేను నిలబడినా మూసుకోలేదు. మా ఊళ్లో గుంటనక్కలను చూసిన అనుభవం తప్ప ఈ జంతువు నడవడిక నాకు తెలియదు. మంచులో అడుగుజాడలు రోజూ ఉంటున్నాయి గానీ వాటిలో నాకు ఒక క్రమం దొరకడం లేదు. దయచేసి వివరంగా చెప్పగలరు.

మంచుదారి (సమాధానం):
పొలంగట్టు గారూ, ముందు ఆ రెండు ట్రాప్‌లనూ తీసేయండి. కొట్టం పక్కన వాటిలో పడేది మీ మేకో, పొరుగువారి కుక్కో అవుతుంది. ఒక వారం పాటు ఏమీ పెట్టకుండా, కొత్త మంచు కురిసిన ప్రతి ఉదయం జాడ వెంట నడవండి. జాడ మీ కంచెను ఎక్కడ దాటిందో దానికంటే, అంతకుముందు అరమైలు ఎలా నడిచిందో ముఖ్యం. కుక్క అటూ ఇటూ వాసన చూస్తూ వంకరటింకరగా తిరుగుతుంది. కయోటీ మాత్రం వెనుక పాదాన్ని ముందు పాదం పడినచోటే, లేదా దానికి దగ్గరగా వేస్తూ, దారం లాగినట్టు తిన్నగా పోతుంది. పాదముద్ర రెండున్నర అంగుళాల పొడవున కోలగా ఉంటుంది. మంచు లోతుగా ఉన్నప్పుడు ఆ చిన్న పాదాలు దిగబడిపోతాయి కాబట్టి శ్రమ తగ్గించుకోవడానికి గడ్డకట్టిన వాగు మీదుగానో, ట్రాక్టర్ చక్రాల గాళ్లలోనో, గాలికి మంచు కొట్టుకుపోయిన మిట్ట మీదుగానో అది నడుస్తుంది. రోజుకో దిక్కు నుంచి వచ్చినట్టు మీకు కనిపించినా, ఆ దారులన్నీ ఒక తూము దగ్గరో, గేటు మూల దగ్గరో కలుస్తాయి. మీరు వెతకవలసింది ఆ కలిసే చోటు.

రెండో సంగతి కాలం. శీతాకాలం మొదట్లో, తల్లిదండ్రులను విడిచి సొంత చోటు వెతుక్కునే కుర్ర కయోటీలు చాలా దూరం తిరుగుతాయి. వాటి జాడ ఒకసారి కనిపించి మళ్లీ కనిపించకపోవచ్చు. జనవరి, ఫిబ్రవరి నెలలు జత కట్టే కాలం, దాదాపు 63 రోజులకు ఈనుతాయి. ఈ రోజుల్లో స్థిరపడిన జంట తన హద్దుల వెంట పక్కపక్కనే నడుస్తూ గడ్డి దుబ్బుల మీద, కంచె గుంజల మీద మాటిమాటికీ మూత్రం పోస్తుంది. మంచు మీది పసుపు మరకలో లేత గులాబీ రంగు చుక్కలు కనిపించాయంటే ఆడది ఎదకు వచ్చే సమయంలో ఉందని అర్థం. అటువంటి గుంజ దగ్గరికి అవి కొద్ది రోజుల్లోనే మళ్లీ వస్తాయి. నేను తిండి ఎరలను నమ్మడం తగ్గించుకుని, ఈ రెండు నెలలూ కయోటీ మూత్రాన్నే ఎరగా వాడుతున్నాను.

గాలిని మరవకండి. మీ ప్రాంతంలో చలికాలపు గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది కనుక, వాసన దారి మీదికి వెళ్లేలా ట్రాప్ దారికి వాయవ్య పక్కన, పది పదిహేను అడుగుల దూరంలో ఉండాలి.

ఎర్రమట్టి (సమాధానం):
మట్టి బిగుసుకుపోవడం గురించి చెబుతాను. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే వాతావరణమే ట్రాప్‌కు అసలు శత్రువు. శరత్కాలంలోనే మెత్తటి మట్టిని జల్లించి, పూర్తిగా ఎండబెట్టి, కరిగించిన మైనం పట్టించి డబ్బాల్లో దాచుకోవాలి. ఇప్పుడు ఆ సమయం మించిపోయింది కాబట్టి పొడి పీట్ మాస్‌తో (తోటపనిలో వాడే ఎండు నాచు పొడితో) పని జరుపుకోండి. ట్రాప్ కిందా, చుట్టూ, పైనా అదే ఉండాలి, తడిమట్టి ఒక్క పిడికెడు కలిసినా చెడుతుంది. ఉప్పు వేయమని కొందరు చెబుతారు గానీ అది ఇనుమును తినేస్తుంది. అన్నిటికన్నా ముందు, ట్రాప్ అంచును వేలితో నొక్కి చూడండి: ఏ మూలనైనా కాస్త కదిలినా కయోటీ పాదం దాన్ని పసిగడుతుంది, తర్వాత తవ్వి బయటపడేస్తుంది. నేను ట్రాప్‌ను ఎర వేసిన చిన్న గుంతకు తొమ్మిది అంగుళాల దూరంలో, గుంతకు ఎదురుగా సూటిగా కాక రెండు అంగుళాలు పక్కకు పెడతాను, ఎందుకంటే జంతువు గుంతలోకి తొంగిచూసేటప్పుడు దాని కాలు ముక్కుకు సూటిగా ఉండదు.

దొడ్డిగేటు (సమాధానం):
పై ఇద్దరూ చెప్పినది సరైనదే, అయితే ట్రాప్ పాతే ముందు మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నియమాలు చదవండి. రాష్ట్రానికీ రాష్ట్రానికీ పొంతన ఉండదు: కొలరాడోలో 1996లో ఓటర్లే ఫుట్‌హోల్డ్ ట్రాప్‌లను, ఉచ్చులను చాలావరకు నిషేధించారు. నియమం ఏదైనా సరే, పెట్టిన ట్రాప్‌ను ప్రతి ఉదయం చూసి రావడం మన బాధ్యత. చలిలో ఒక ప్రాణిని రోజుల తరబడి ఇనుములో వదిలేయడం నాకు సమ్మతం కాదు.

ఇంకొక మాట. కాలిఫోర్నియాలోని హాప్‌లాండ్‌లో జరిగిన పరిశోధనల్లో, గొర్రెలను చంపినవాటిలో ఎక్కువ భాగం ఆ చోట స్థిరపడి పిల్లలు పెట్టే జంటలేనని తేలింది. దారిన పోయే కుర్రదాన్ని పట్టి తృప్తి పడితే మీ నష్టం ఆగదు. అలాగే, మేకల జోలికి రాని జంట మీ హద్దులో ఉంటే దాన్ని కదపకండి, అది మిగతావాటిని రానివ్వదు. చచ్చిన పిల్లను పొలంలో వదలకండి, ఈనే మేకలను రాత్రి కొట్టంలో కట్టేయండి. మందను కాచే గ్రేట్ పైరనీస్ జాతి కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకుంటే ఇప్పుడే తెచ్చుకోండి, అది కాపలాకు పూర్తిగా పనికిరావడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది.

పొలంగట్టు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ట్రాప్‌లు తీసేసి ఆరు రోజులు నడిచాను. ఉత్తరపు దారి, వాగు దారి రెండూ రోడ్డు కింది తూము దగ్గరే కలుస్తున్నాయి. తూముకు పది అడుగుల ఇవతల ఉన్న గుంజ మొదట్లో మంచుదారి గారు చెప్పిన గులాబీ చుక్కలు నిన్న ఉదయం కనిపించాయి, పక్కనే రెండు జతల జాడలు. ఆ తూము పొరుగు రైతు భూమిలో ఉంది కాబట్టి ఈ సాయంత్రం ఆయన అనుమతి అడగడానికి వెళుతున్నాను.