గుర్రం చిన్నపేగు కలపడానికి చేతి కుట్టా, స్టేప్లరా?

ప్రశ్న (సర్జరీ పీజీ విద్యార్థి, హైదరాబాద్):
అందరికీ నమస్తే. గేదెలకు రూమినాటమీ (మొదటి పొట్టను కోసి తెరిచే ఆపరేషన్) చేసిన అలవాటుంది కానీ గుర్రం కోలిక్ (తీవ్రమైన కడుపునొప్పి) సర్జరీలో ఇంకా పక్కన నిలబడి చూస్తున్నాను. జెజునం (చిన్నపేగు మధ్యభాగం) మెలిపడి నల్లబడితే ఆ ముక్క తీసేస్తాం, సరే. మిగిలిన రెండు కొసలను ఒక వరస కుట్టుతో కలిపితే చాలా, రెండు వరసలు వేయాలా? స్టేప్లర్ ఉంటే అదే మేలా? ఒక్కో డాక్టరు ఒక్కో రకంగా చేస్తున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు (రేసు గుర్రాల సర్జన్):
తమ్ముడూ, జెజునాన్ని జెజునానికే కలపాలంటే నేను చేత్తోనే కుడతాను. లోపలి దారి ఇరుకు కాకూడదు, నా పట్టుదలంతా అదే. గుర్రం వాంతి చేసుకోలేదు. కుట్టు దగ్గర ఆగిన ద్రవం వెనక్కి వచ్చి జీర్ణాశయంలో నిండుతుంది. ట్యూబు వేసి తీయకపోతే అది పగిలిపోవచ్చు కూడా. అందుకే రెండు వరసల్లోనూ అంచులు లోపలికి మడిచే పద్ధతి నాకు నచ్చదు. మ్యూకోసాకు (పేగు లోపలి పొర) మామూలు కంటిన్యువస్ (దారం తెంపకుండా సాగే కుట్టు), పైన సీరోమస్కులర్ (బయటి పొర, కండరం కలిసిన) పొరకు కుషింగ్ (అంచులు లోపలికి మడిచే కుట్టు) వేస్తాను. మడత ఒక్కసారే పడుతుంది. విడివిడి లెంబర్ట్ కుట్లతో (ఇవీ అంచు మడిచేవే) ఒకే వరసలో ముగించేవాళ్లూ ఉన్నారు, అదీ మంచి పద్ధతే.

కంటిన్యువస్ దారాన్ని చుట్టూ ఒకే పోగుగా తిప్పొద్దు. సంచి నాడా లాగినట్టు మూతి బిగుసుకుపోతుంది. సగం చుట్టు అయ్యాక ముడి వేసి కొత్త దారం మొదలుపెట్టు. మెసెంటరీ (పేగును పట్టి ఉంచి రక్తనాళాలు మోసే పొర) ఉన్న వైపు కొవ్వు అంచును కప్పేస్తుంది, లీకయ్యే భయం ఎక్కువగా అక్కడే. మొదటి కుట్టు అక్కడ వెయ్యి. దారం 2-0 లేదా 3-0 (సన్న సైజులు), విక్రిల్ గానీ పీడీఎస్ గానీ (ఒంట్లోనే కరిగిపోయే దారాలు), రౌండ్ బాడీ (కోత అంచు లేని గుండ్రటి) సూదితో. సూది సబ్‌మ్యూకోసాను (మ్యూకోసా కింది పొర) పట్టి తీరాలి, పేగు గోడకు బలం ఆ పొరదే. పేగును కోయడం కూడా ఏటవాలుగా కోయాలి, మెసెంటరీకి ఎదురు వైపు కాస్త ఎక్కువ పోయేలా. అంచు దాకా రక్తం అందుతుంది, మూతీ వెడల్పవుతుంది.

జవాబు (కెంటకీలో పనిచేస్తున్న తెలుగు వెట్):
జెజునం వరకూ మేడం మాటే నాదీ. ఇలియం (చిన్నపేగు చివరి భాగం) కూడా పాడైతే మాత్రం జెజునాన్ని సీకమ్‌కు (పెద్దపేగు మొదటి సంచి) పక్కపక్కన కలపాల్సి వస్తుంది. అప్పుడు నేను స్టేప్లరే తీసుకుంటాను. పేగు తెరిచి ఉండే సమయం తగ్గుతుంది, లోపలి మురికి బయట పడడం తగ్గుతుంది. అయితే గోడ వాచి మందంగా ఉంటే పిన్నులు సరిగ్గా పట్టవు. ఆ వరస నుంచి రక్తం కారుతోందేమో కూడా చూసుకోవాలి. మూసిన కొస మీద చేతి కుట్టు ఒక వరస వేయనిదే నాకు తృప్తి ఉండదు. స్టేప్లర్ కార్ట్రిడ్జ్ (పిన్నుల డబ్బీ) ఖరీదు ఎక్కువ, యజమానికి ముందే చెప్పండి.

ప్రశ్న అడిగిన విద్యార్థి:
థాంక్స్ అక్కా, థాంక్స్ సార్. పెల్విక్ ఫ్లెక్షర్ (పెద్దపేగు మలుపు) తెరిచి ఇసుక తీసినప్పుడు కూడా ఇదే పద్ధతా?

జవాబు (రేసు గుర్రాల సర్జన్):
అక్కడ దారి వెడల్పు, ఇరుకవుతుందన్న బెంగ తక్కువ. అన్ని పొరలూ కలిపి ఒక కంటిన్యువస్ వేసి, బాగా కడిగి, పైన కుషింగ్ వెయ్యి. ఆ తర్వాత పొట్ట మూయడాన్ని తేలిగ్గా తీసుకోకు. 450 కిలోల జంతువు మత్తు దిగి తూలుతూ లేచేటప్పుడు లీనియా ఆల్బా (పొట్ట మధ్య గీతలోని గట్టి పొర) మీద ఎంత లాగుడు పడుతుందో ఆలోచించు. అక్కడ లావైన 2 నంబరు విక్రిల్ వాడు, సన్నటి 2-0 కాదు. కుట్టు అంచుకు ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో పడాలి.

పోస్ట్‌మార్టమ్‌కు గుర్రం వస్తే సాధన కోసం జెజునం ముక్క అడిగి తీసుకో. కలిపాక నీళ్లు నింపి, మెసెంటరీ వైపు లీకవుతుందేమో నొక్కి చూడు.