సమస్యాపూరణం: «పదియు నారు నరయ బరగు నారె»

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇది. నలుపు, తెలుపు పూసలు నాలుగింటిని వరుసగా పేరిస్తే 2×2×2×2 = 16 తీర్లు. పత్తర్‌గట్టి ముత్యాల దుకాణంలో పేట కొసలు రెండూ కలిపి ముడివేశాక మొదలేదో చివరేదో తెలియదు కదా, ఆ చూపుతో పూరించండి.

నల్లకుంట సభ్యురాలు:
నలుపు తెలుపు పూస నాల్గింటి బేర్చగ
వరుస లెన్నొ వచ్చు, వాని నొక్క
చోటు జరుపగాను చుట్టున నొకటైన
పదియు నారు నరయ బరగు నారె

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది, యతులు కుదిరాయి. గణితమే కుంటుపడింది. నలుపును 0, తెలుపును 1 అనుకుంటే, ఒక్క చోటే జరిపితే 0001, 0100 వేరువేరు దండలైపోతాయి. అవి కలవాలంటే రెండు చోట్లు జరపాలి. ‘వాని నన్ని / చోట్ల జరుపగాను’ అనండి, గణాలు చెడవు.

మెహదీపట్నం సభ్యుడు:
తిప్ప మారకుండు తీరుల లెక్కగా
రెండు నాల్గు రెండు దండ గూర్చి
నాల్గు పాళ్ళు సేయ నలుసైన మిగులక
పదియు నారు నరయ బరగు నారె

నిర్వాహకుడు: భేష్! రెండు–దండ ప్రాసయతి చక్కగా అమరింది. ఒక్కో తిప్పుకు మారకుండా నిలిచే వరుసలన్నీ కూడి తిప్పుల సంఖ్యతో భాగించమనే బర్న్‌సైడ్ సూత్రమంతా మూడు పాదాల్లో ఇమిడింది. కొత్తవారి కోసం విప్పి చెబుతాను. తిప్పకపోతే 16 వరుసలూ అలాగే ఉంటాయి. ఒక చోటు జరిపితే 0000, 1111 రెండే మారకుండా నిలుస్తాయి. రెండు చోట్లు జరిపితే 0101, 1010 కూడా చేరి నాలుగు. మూడు చోట్లకు మళ్ళీ రెండే. మొత్తం 24, నాలుగో వంతు 6. చాలామంది నేరుగా 16ని 4తో భాగించి నాలుగు అనేస్తారు. ప్రతి దండా నాలుగేసి వరుసలిస్తేనే ఆ భాగారం చెల్లుతుంది. 0101 దండ రెండే ఇస్తుంది, 0000 ఒకటే.

బోయినపల్లి సభ్యుడు:
ఒకటి రెండు నాల్గు నొక్కొక్క యావృత్తి
రెండు నొకటి మూడు దండ లుండ
గుణిత మెల్ల గూడ గుదురును వరుసలు
పదియు నారు నరయ బరగు నారె

నల్లకుంట సభ్యురాలు: 1×2 + 2×1 + 4×3 = 16. ఆవృత్తి అంటే ఎన్ని చోట్లు జరిపితే మొదటి వరుసే మళ్ళీ వస్తుందో ఆ లెక్క; అది నాలుగు గలవి 0001, 0011, 0111. నాకు ఈ పూరణే ఎక్కువ నచ్చింది, ఏ దండ ఎన్ని వరుసలిస్తుందో కంటికి కనబడుతోంది. పూసలు ఇరవై అయితే మాత్రం ఇలా రాసి చూడటం కుదరదు, మెహదీపట్నం వారి దారే మేలు.

మెహదీపట్నం సభ్యుడు: ప్రోగ్రాం రాసేవారికి ఒక మాట. 0011, 1001 ఒకే దండవా? మొదటిదాన్ని దానికే అతికించండి: 00110011. అందులో 1001 ఉంది, కనుక ఒకటే. పొడవులు సమానమో కాదో ముందే చూడాలి, లేకపోతే 01 కూడా దొరికేస్తుంది.

బోయినపల్లి సభ్యుడు: దండను బోర్లా తిప్పితే?

నిర్వాహకుడు: ఐదు పూసల దాకా తేడా రాదు. ఆరుకు వస్తుంది: 001011ని ఎంత తిప్పినా 001101 కాదు, బోర్లిస్తే అవుతుంది. వచ్చే వారం సమస్య అదే:
పదియు నాలుగన్న బదియు మూడె